చిన్న పట్టాలపై అరకు రైలు

విశాఖపట్టణమునుండి ఉదయమున బయలుదేరిన రైలు కొత్తవలస దాటిన పిమ్మట కొంతసేపు వరిపొలముల నడుమ సాగును. శృంగవరపుకోట, బొడ్డవర దాటగానే ఎదుట తూర్పు కనుమలు గోడవలె నిలుచును. అచ్చటినుండి బండి నడక మారును. ఒకవైపు నిలువుబండ, మరియొకవైపు లోయ. సొరంగము వెనుక సొరంగము వచ్చును. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస అను చిన్న స్టేషనులను దాటి శిమిలిగూడ చేరునప్పటికి ఆ బండి సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తునకు ఎక్కియుండును. అటుపిమ్మట అరకులోయలోనికి దిగును.

కిటికీవద్ద కూర్చున్న పిల్లలు సొరంగములను లెక్కింతురు. జలపాతము కనబడినచో కేకలు వేయుదురు. కాని ఈ మార్గము వినోదమునకై వేసినది కాదు. బస్తరు ప్రాంతమున బైలడిల్లా అను కొండల వరుస కలదు. దూరమునుండి ఎద్దు మూపురమువలె కనబడును గనుక దానికి ఆ పేరు వచ్చినది. ఆ కొండలలో మేలైన ఇనుపఖనిజము దొరకును. దానిని విశాఖపట్టణపు రేవునకు దింపి, ఓడలపై జపాను దేశపు ఉక్కు కర్మాగారములకు పంపుటకై 1960వ దశకమున కొత్తవలస–కిరండూలు మార్గమును నిర్మించిరి. దీని పొడవు సుమారు 446 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల గుండ ఇది పోవును. ఇందులో 58 సొరంగములు కలవు.

ప్రయాణికుల బండి ఏదో ఒక చిన్న స్టేషనులో ఆగినప్పుడు ప్రక్కపట్టాలపై ఖనిజపు బండి దిగివచ్చును. సొరంగములను లెక్కించు పిల్లలు దానివైపు చూడరు. చూచుటకు అందులో ఏమున్నది? ఎర్రని పెట్టెలు, ఎర్రని దుమ్ము, అంతే. అయినను ఈ మార్గమును చిన్నదిగా చేసి ఒక బల్లమీద నిలుపదలచిన వానికి జలపాతముకంటె, సొరంగముకంటె ముందుగా అర్థము కావలసినది ఆ దుమ్మే.

రైలుబొమ్మ వేరు, రైలు నమూనా వేరు. బొమ్మల కొలువు పెట్టు ఇండ్లలో ఏటికొప్పాక లక్కబొమ్మలను చూడవచ్చును. అనకాపల్లి జిల్లాలోని ఆ గ్రామమున అంకుడు కొయ్యను యంత్రముపై గుండ్రముగా త్రిప్పి, లక్కరంగులు పట్టించి, అద్దమువలె మెరయునట్లు చేయుదురు. ఆ మెరుపే వాని అందము. కొండపల్లి పనివారి తీరు వేరు. వారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అవయవములను అతుకుదురు. ఆ బొమ్మలలో మనుష్యుల పనిపాటలు, నిలుచుండు తీరు, కట్టు, బొట్టు కనబడును. నమూనాలు చేయువాని పని కొండపల్లివారి పనికి చుట్టరికము గలది. అయితే వారికి లేని కట్టుబాటొకటి ఇతనికి కలదు. అది కొలత. ఏనుగుకంటె మావటివాడు కొంచెము పెద్దగా నున్నను కొండపల్లిబొమ్మకు లోపము రాదు. రైలు నమూనాలో తలుపు ఎత్తు రెండు మిల్లీమీటర్లు తప్పినచో చూచువాని కన్ను వెంటనే పట్టుకొనును.

ఈ విద్య బ్రిటనులో బాగుగ పెరిగినది. నార్తాంప్టన్ పట్టణమున 1899లో మొదలైన బాసెట్-లోక్ సంస్థ పెద్దవారికై నమూనా రైళ్లను అమ్మెను. 1920లో ఫ్రాంక్ హార్న్‌బీ కీ యిచ్చి నడుపు రేకురైళ్లను పిల్లలకై తెచ్చెను. 1938లో అదే సంస్థనుండి బల్లపై ఇముడునట్టి ఇంకను చిన్న రైళ్లు వచ్చినవి. ఆ దినములలో చాలమందికి ఇంజనే ముఖ్యము. దాని చుట్టునున్నది ఉత్త బల్ల. జాన్ ఆహెర్న్ అను నతడు ఆ పద్ధతిని మార్చినవారిలో ఒకడు. అతడు మ్యాడర్ వ్యాలీ అను కల్పిత లోయను తన యింటిలో నిర్మించెను. అందు రైలు చిన్నది, ఊరు ముఖ్యము. గోడలకు నాచు, కప్పులకు మసి, బండ్లకు దుమ్ము కలవు. చూచువారికి అది దుకాణమునుండి నిన్న తెచ్చినట్లు గాక, ఏండ్ల తరబడి మనుష్యులు బ్రతికిన చోటువలె తోచినది. మన దేశమున కూడ ఇట్టి యాసక్తి గలవారు ఉన్నారు. పూనా నగరమున భావుసాహెబ్ జోషి స్థాపించిన చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998నుండి జనులకు తెరువబడియున్నది.

ఒక విద్యార్థి అరకు రైలుమార్గపు నమూనా చేయ సంకల్పించినాడనుకొందము. అతడు మొదట చేయవలసినది లెక్క. బ్రిటిషు నమూనాలలో మిక్కిలి ప్రచారము గల కొలత అడుగునకు 4 మిల్లీమీటర్లు, అనగా అసలు దానిలో 76వ వంతు. దీనిని 'డబుల్ ఓ' అందురు. ఈ లెక్కను కొండలకు వర్తింపజేసినచో ఏమగును? శిమిలిగూడ యెత్తు 13 మీటర్లగును. అది మూడంతస్తుల మేడకంటె ఎత్తు. కనుమలలో 100 కిలోమీటర్ల దారి, నమూనాలో 1,300 మీటర్లగును. 58 వ్యాగనుల ఖనిజపు బండి ఒక్కటియే 8 మీటర్లకు మించును. అంత గది ఏ యింటిలో నుండును? కావున నమూనాలో అన్నియు ఇముడవు. దేనిని ఉంచవలెను, దేనిని విడువవలెను అను విచారణతోనే పని మొదలగును. వ్యాగను కొలతను తగ్గించరాదు, వ్యాగనుల సంఖ్యను తగ్గింపవచ్చును. 58 సొరంగములకు మారుగా రెండు చాలును. బండి ఒక సొరంగములో దూరి, కొంత ఆలస్యముగా మరియొక దానినుండి వెలువడినచో, నడుమ ఎంతో దూరమున్నట్లు చూచువాడు తనంతట తానే ఊహించుకొనును. అంతేగాక, బల్లమీద తప్పనిసరిగా వచ్చు ఇరుకు వంపులు కొండ కడుపులో దాగిపోవును.

రెండవ చిక్కు పట్టాలది. డబుల్ ఓ నమూనాలలో పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. ఇది లెక్కకు సరిపోదు. బ్రిటిషు రైలుమార్గపు అసలు వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు గనుక నమూనాలో 18.83 మిల్లీమీటర్లు ఉండవలెను. ఆ కాలపు విద్యుత్తు మోటారులు చిన్నవైన బ్రిటిషు ఇంజను నమూనాలలో పట్టకపోవుటచే, పైభాగమును పెద్దది చేసి, పట్టాలను మాత్రము అంతకుముందున్న చిన్న కొలతకే ఉంచిరి. ఆ సర్దుబాటు నేటికిని నిలిచియున్నది. అది నచ్చనివారు వెడల్పైన పట్టాలను స్వయముగా వేసికొందురు. మన మార్గమునకు తేడా ఇంకను ఎక్కువ. భారతదేశపు బ్రాడ్ గేజి 5 అడుగుల 6 అంగుళములు, అనగా నమూనాలో సరిగా 22 మిల్లీమీటర్లు. అంగడిలో దొరకు పట్టాలపై మన వ్యాగనును నిలిపినచో, సన్నని కాళ్లపై బరువైన మనిషి నిలిచినట్లుండును. అందువలన ఓపిక గలవాడు సన్నని చెక్కముక్కలను స్లీపర్లుగా పేర్చి, వానిపై తానే పట్టాలను అమర్చుకొనును. ఓపిక లేనివాడు తయారైన పట్టాలతో తృప్తి పడవచ్చును. అది నేరము కాదు, కాని బ్రాడ్ గేజి గాంభీర్యము అందు రాదు.

ఇక వ్యాగను. 1980వ దశకమునుండి మన దేశమున విరివిగా తిరుగుచున్న 'బాక్స్-ఎన్' అను పైకప్పులేని వ్యాగను పొడవు 10.7 మీటర్లు, వెడల్పు 3.2 మీటర్లు, ఎత్తు 3.2 మీటర్లకు కొంచెము పైన. నమూనాలో అది 140 మిల్లీమీటర్ల పొడవును, 42 మిల్లీమీటర్ల వెడల్పును, అంతే యెత్తును గలదగును. దళసరి అట్టగాని, పలుచని ప్లాస్టిక్ రేకుగాని దీనికి తగినవి. ముందుగా అడుగుపలక, తరువాత నాలుగు గోడలు, తరువాత గోడలకు వెలుపల నిలువు బద్దెలు. ఈ క్రమమును తప్పినచో మూలలు కుదురవు. గోడలు లంబకోణమున నిలిచినవో లేదో మూలమట్టముతో చూడవలెను. మూలమట్టము లేనిచో పోస్టుకార్డు మూల చాలును. కత్తిని ఒకేసారి బలముగా నొక్కి కోయరాదు. ఇనుపకొలబద్దను ఆనించి, తేలికగా నాలుగైదుసార్లు గీయవలెను. అట్లు చేసిన అంచు నున్నగా వచ్చును, వ్రేళ్లును దక్కును. అట్టవ్యాగను మిక్కిలి తేలిక గనుక వంపులలో పట్టాలు తప్పును. అడుగున రెండు ఇనుపనట్టులను అతికించినచో కుదురుగా పోవును. సీసపు ముక్కలను వాడువారు కలరు, గాని సీసము విషము. పిల్లలు దానిని ముట్టరాదు.

సరుకు నింపుటలో చాలమంది పొరపడుదురు. వ్యాగను ఉన్నది గదా అని పైయంచువరకు ఖనిజమును పోయుదురు. నిజమునకు అట్లుండదు. బాక్స్-ఎన్ వ్యాగనులో సుమారు 56 ఘనపు మీటర్ల చోటు కలదు. అది మోయగలది సుమారు 58 టన్నులు. బొగ్గు తేలిక గనుక వ్యాగను పైయంచువరకు వచ్చును. ఇనుపఖనిజము ఘనపు మీటరునకు రెండున్నర టన్నులైనను తూగును. కావున 58 టన్నుల ఖనిజము 23 ఘనపు మీటర్లలోనే ఇమిడిపోవును, అనగా వ్యాగను సగమైనను నిండదు. ప్రక్కన నిలుచున్నవానికి వ్యాగను ఖాళీగా నున్నట్లే తోచును. వంతెన పైనుండి చూచినవానికి మాత్రము లోపల అడుగున ఎర్రని కుప్పలు కనబడును. నిండుగా ఖనిజము పోసిన నమూనాను రైల్వే ఉద్యోగి యెవడైన చూచినచో మొదట అడుగునది 'ఇరుసులు విరుగలేదా?' అనియే.

ఆ కుప్పలను చేయుటకు బెండుముక్కను గుట్టవలె చెక్కి, జిగురు పూసి, సన్నగా జల్లించిన ఇటుకపొడిని చల్లవలెను. అసలైన ఖనిజపు పొడి తెచ్చి వాడినచో మరింత సహజముగా నుండునని కొందరు తలతురు. ఇనుపపొడి ఏమాత్రము కలిసినను అది ఇంజనులోని మోటారు అయస్కాంతమునకు అంటుకొని దానిని చెడగొట్టును. ఇక్కడ నిజమైన వస్తువుకంటె ఇటుకపొడియే మేలు.

ఇప్పుడు వ్యాగను రూపము సిద్ధమైనది. రంగు వేసినారు. అది మెరయుచున్నది. అందుచేతనే అది అసత్యము. ఇంతవరకు చేసినది కొలతకు సరిపోయినను, ఈ వ్యాగను ఇంకను ఏ పనియు చేయలేదు. పని చేసిన గుర్తులను దానిమీద వేయు విద్యను బ్రిటిషువారు 'వెదరింగ్' అందురు. తెలుగున దానిని 'మాపుట' అనవచ్చును. మాసిన బట్టను చూచి చాకలి అది ఎవరిదో చెప్పగలడు. వ్యాగను సంగతియు అంతే.

మాపుట యనగా ఇష్టము వచ్చినట్లు మురికి పూయుట కాదు. ప్రతి మరకకు ఒక కారణము ఉండవలెను. కారణము తెలియని మరకను వేయరాదు. ఖనిజపు వ్యాగను జీవితమును మొదటినుండి అనుసరించినచో ఆ కారణములన్నియు తెలియును. గనివద్ద ఎత్తునుండి ఖనిజము దానిలో పడును. కావున లోపలి అడుగుపలకకు రంగు ఊడిపోయి, సొట్టలు పడి, త్రుప్పును రాపిడి మెరుపును కలిసియుండును. పడుచుండగా లేచిన దుమ్ము పైయంచులమీదను, బద్దెల మొదళ్లలోను నిలుచును. నిలువుగోడ నడుమ అంతగా నిలువదు. తరువాత దిగుడు ప్రయాణము. బరువు నిండిన బండ్లు శిమిలిగూడనుండి మైదానమునకు దిగును, ఖాళీబండ్లు ఎక్కును. దిగునంతసేపు బ్రేకు దిమ్మలు చక్రములను రాచుచుండును. ఆ రాపిడివలన పుట్టిన సన్నని గోధుమరంగు పొడి చక్రముల చుట్టును, వ్యాగను అడుగుభాగమునను పట్టును. కనుమలలో దిగు బండికి ఇది మైదానపు బండికంటె ఎక్కువగా నుండుట సహజము. విశాఖ రేవులో టిప్లరు అను యంత్రము వ్యాగనును గట్టిగా పట్టుకొని తలక్రిందులు చేసి ఖనిజమును క్రుమ్మరించును. ఆ పట్టు తగులుటచే పైయంచు అక్కడక్కడ వంగును. ఇక వర్షము. కనుమలలో వాన కురియునప్పుడు అంచులపై నిలిచిన దుమ్ము కరిగి నిలువుగా కారును. ఆరిన పిమ్మట గోడలమీద సన్నని ఎర్రచారలు మిగులును.

ఈ కథ తెలిసినచో పని సులభము. మొదట గోధుమరంగును నీరువలె పలుచగా కలిపి వ్యాగను అంతటను పూయవలెను. అది తనంతట తాను మూలలలోనికి, బద్దెల మొదళ్లలోనికి పోవును. కొంచెము ఆరగానే మెత్తని గుడ్డతో పైనుండి క్రిందికి తుడువవలెను. అడ్డముగా తుడువరాదు, వాన అడ్డముగా కారదు గదా! పూర్తిగా ఆరిన తరువాత ఇటుకపొడి, ఎర్రమట్టి, సుద్దపొడి మొదలగువానిని మెత్తని కుంచెతో అద్దవలెను. అంచులకు కొంచెము ఎక్కువ, గోడలకు తక్కువ. చక్రముల వద్ద ఎరుపు తగ్గించి గోధుమరంగు హెచ్చింపవలెను. పొడి రాలకుండ మెరుపు లేని వార్నిషును పలుచగా చల్లవలెను. ఈ పని గాలి వచ్చు చోట కిటికీలు తెరచి చేయవలెను. పాతకాలపు వ్యాగనులకు ఇరుసు పెట్టెలవద్ద నల్లని నూనెమరకలు ఉండెడివి. బాక్స్-ఎన్ వంటి వ్యాగనులకు రోలర్ బేరింగులు గనుక ఆ మరక ఉండదు. బ్రిటిషు పుస్తకములను చూచి ఆ మరకను అన్నిటికిని వేయువారు కారణము అడుగుట మరచినవారు.

చక్రము పట్టాను తాకు భాగము, పట్టా పైతలము, ఈ రెండును మాత్రము మాయవు. నిత్యము రాచుకొనుటచే అవి వెండివలె మెరయుచుండును. నమూనాలో విద్యుత్తు పట్టాలగుండనే ఇంజనుకు చేరును గనుక, అక్కడ రంగుపడినచో బండి కదలదు. సత్యమును సౌకర్యమును ఇక్కడ ఏకమైనవి. పట్టాల ప్రక్కలకు మాత్రము త్రుప్పురంగు వేయవలెను. వాడుకలో లేని ప్రక్కదారి యొకటి స్టేషనులో ఉన్నచో దాని పైతలమునకు కూడ త్రుప్పు వేయవచ్చును. ఆ ఒక్క గుర్తుతోనే అక్కడికి బండి రాక చాలకాలమైనదని తెలియును.

కొండను చేయుట వ్యాగనుకంటె సులభము, చెడగొట్టుట ఇంకను సులభము. వెదురుబద్దలతో చట్రము కట్టి, దానిపై వార్తాపత్రిక ముక్కలను మైదా జిగురుతో పొరలుపొరలుగా అతికింతురు. జిగురులో కొంచెము మయిలుతుత్తము కలుపనిచో పురుగు పట్టునని అనుభవజ్ఞులు చెప్పుదురు. అది విషము గనుక పెద్దలే కలుపవలెను. ఎండిన తరువాత పైన పలుచగా ప్లాస్టరు పూసి, తడి ఆరకముందే బండల పగుళ్లను చెక్కుదురు. ఇంతవరకు ఏ దేశమునకైన ఒకటే. రంగు దగ్గరనే దేశము తెలియును. బ్రిటిషు పుస్తకములలో బండ అనగా బూడిదరంగు, కొండ అనగా పచ్చగడ్డి. తూర్పు కనుమలలో విస్తారముగా నున్న రాయికి ఖొండలైటు అని పేరు. ఈ కొండలలో నివసించు ఖోండుల పేరునే భూగర్భశాస్త్రజ్ఞులు దానికి పెట్టిరి. అది ఎండకు వానకు మాగి ఇటుకవన్నెగా మారును, నడుమ నడుమ తెల్లని మచ్చలుండును. రైలుమార్గమునకై కోసిన గట్టులలో ఈ ఎరుపు బాగుగ కనబడును. బొర్రా దగ్గర మాత్రము సున్నపురాయి కలదు. సొరంగపు ముఖద్వారము మీద నీరు ఊరుచుండును గనుక అచ్చట నల్లని చారయు, దాని ప్రక్కన నాచుపచ్చయు వేయవలెను.

చెట్లకు ఎండిన బీరపీచు, కొబ్బరిపీచు, రంగు వేసిన రంపపు పొట్టు చాలును. అరకులోయ కాఫీతోటలలో నీడకై పెంచు సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వరుసలుగా నుండును. వానికి మిరియపు తీగలు ప్రాకియుండును. సన్నని తీగలను మెలిపెట్టి వానిని చేయవచ్చును. చలికాలము మొదటిలో లోయయంతయు వలిసెపూలతో పసుపుపచ్చగా మారును. దీనికై కొందరు రంపపు పొట్టును పసుపుతో అద్దుదురు. పసుపు ఎండకు వెలిసిపోవును. కిటికీవద్ద నుంచిన వలిసెచేను కొలది మాసములలో గడ్డిచేనగును. కావున అంగడిలోని రంగే వాడవలెను.

కొండపై ఊరొకటి ఉండవలెను. ఇది అన్నిటికంటె జాగ్రత్తగా చేయవలసిన భాగము, తొందరలో చేయబడుచున్న భాగమును ఇదియే. నాలుగు పాకలు, నలుగురు థింసా ఆడు స్త్రీలు నిలిపినచో అరకు అయిపోయినదనుకొందురు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొటియాలు, పోర్జలు మొదలగు పలు తెగలవారు ఈ ప్రాంతమున నివసించుచున్నారు. వారు ప్రొద్దస్తమానము ఆడుచుండరు. రాగి, వరి, వలిసెలు పండింతురు, కాఫీ కోయుదురు, సంతకు పోవుదురు, రైలుమార్గమున పనిచేయువారును కలరు. మట్టిగోడలు, వానికి అలికిన ఎర్రమట్టి, క్రింద వేరురంగు పట్టె, ముందు అరుగు, పైన గడ్డికప్పో నాటుపెంకులో గల యిండ్లు నేడు తగ్గుచున్నవి. రేకుల కప్పులు, కాంక్రీటు మేడలు పెరుగుచున్నవి. వానకు కారని కప్పు కావలెనని కోరుట తప్పు కాదు. అయితే పాత యింటి అరుగు ఎన్ని అంగుళముల యెత్తో, చూరు ఎంత క్రిందికి వంగునో ఎవరైన వ్రాసియుంచిరా?

ఇట్టి ప్రశ్నయే ఇంగ్లండులో ఒక మనుష్యుని జీవితమును మార్చినది. రాయ్ ఇంగ్లండ్ అను నతడు ఆస్ట్రేలియాలో పుట్టి, 1925లో ఇంగ్లండునకు వచ్చెను. వైట్ హార్స్ లోయలోని గడ్డికప్పుల పల్లెయిండ్లు అతని కండ్లయెదుటనే కూలిపోవుచుండెను, రూపు మారుచుండెను. వానిని ఆపుట అతని వశమున లేదు. అందుచే ఒక్కొక్క యింటిని కొలిచి, చిత్రములు గీసికొని, అడుగునకు 4 మిల్లీమీటర్ల లెక్కన అట్టతో చేయ మొదలుపెట్టెను. గోడలలో ప్రతి యిటుకను గీసి, నీటిరంగులతో విడివిడిగా దిద్దెను. ఒక్క యింటికి నెలల కాలము పట్టుచుండెను. 1954లో లాంగ్ విట్టెన్‌హాం గ్రామమున ఇందుకై పెండన్ ప్రదర్శనశాల ఏర్పడినది. నేడు అచ్చట 1920–30 ప్రాంతపు పల్లెసీమ యంతయు, దాని నడుమ పోవు రైలుతో సహా కనబడును. ఆ యిండ్లలో కొన్నింటికి ఇప్పుడు మూలము లేదు, నమూనా మాత్రమే కలదు.

కావున అరకు నమూనా చేయు విద్యార్థి కత్తి పట్టుటకు ముందు కొలబద్ద, నోటుపుస్తకము పట్టుకొని ఒక ఊరికి పోవుట మంచిది. ఇంటివారి అనుమతి అడిగి, అరుగు యెత్తు, ద్వారము యెత్తు, గోడ మందము కొలిచికొనవలెను. వారినే అడిగినచో ఏ మన్ను ఎక్కడినుండి తెచ్చి అలుకుదురో చెప్పుదురు. అట్లు తెచ్చిన పిడికెడు మన్నును జల్లించి నమూనా గోడకు పూసినచో అంగడిలో దొరకని వన్నె వచ్చును.

కాలమును కూడ మొదటనే నిర్ణయించుకొనవలెను. ఈ మార్గమున మొదట డీజిలు ఇంజనులు నడచినవి. 1980వ దశకపు ఆరంభమున విద్యుత్తు తీగలు వచ్చినవి. 1970 నాటి దృశ్యమును చూపదలచినవాడు విద్యుత్ స్తంభమును నిలుపరాదు, బాక్స్-ఎన్ వ్యాగనును నడుపరాదు. అందుకు మారుగా ఆనాటి పొట్టిగోడల 'బాయ్' వ్యాగనులను చేయవలెను. బరువైన ఖనిజమునకు ఎత్తుగోడలతో పనిలేదు గనుక వానినట్లు కట్టిరి. నేటి దృశ్యము చూపువాడు ప్రతి స్తంభమును, ప్రతి తీగను ఓపికగా అమర్చవలెను. ప్రయాణికుల బండికి 2017లో చేర్చిన అద్దాలకప్పు పెట్టెను కూడ చేయవచ్చును. రెండు కాలములను ఒకే బల్లపై కలిపినచో, ఎంత నేర్పుతో మాపినను, ఆ మాపు ఏ కాలపు దుమ్మో చూచువానికి తెలియదు.

అన్నియు అమరిన తరువాత బండిని సొరంగము ముందు నిలిపి, కండ్లను పట్టాల యెత్తునకు వంచి చూడవలెను. పైనుండి చూచినప్పుడు దాగిన తప్పులు అప్పుడు బయటపడును. ఒక చక్రము తేలియుండవచ్చును, ఒక చెట్టు నేలను తాకకుండ నిలిచియుండవచ్చును. వానిని సరిచేసిన పిమ్మట ఇంకొక్క చిన్నపని మిగిలియుండును. వ్యాగను ప్రక్కను తెల్లని అంకెలతో దాని సంఖ్య వ్రాసియుండును. దానిపైనను ఎర్రదుమ్ము పడియుండును. యార్డులో సంఖ్యలను పుస్తకమున వ్రాసికొనువాడు చదువుటకు వీలుగా అరచేతితో దానిని తుడుచును. తడిగుడ్డను పుల్లకొనకు చుట్టి, నమూనా వ్యాగను మీద ఆ అంకెలున్న మేర మాత్రము ఒక్కసారి అడ్డముగా తుడిచినచో చాలును. మొత్తము బండిలో వాన చేయని మరక అది యొక్కటే.